అంగారకుడి మీద మన సూక్ష్మజీవులు

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

1957 నవంబరులో, స్పుత్నిక్ ఎగిరిన నెల రోజులకు, అమెరికా జన్యుశాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ కలకత్తాలో జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌ను కలుసుకున్నారు. ఆ రాత్రి చంద్రగ్రహణం. అక్టోబరు విప్లవం నలభయ్యో వార్షికోత్సవానికి సోవియట్ వారు చంద్రుడి మీద బాంబు పేల్చి ప్రపంచానికి చూపిస్తారేమోనన్న ఊహ వారి సంభాషణలో వచ్చింది. అలాంటి ఆర్భాటాల వల్ల, శాస్త్రం ఒక్కసారైనా పరిశీలించక ముందే ఇతర గ్రహాలు మన సూక్ష్మజీవులతో పాడైపోతాయన్న దిగులుతో లెడర్‌బర్గ్ స్వదేశానికి తిరిగి వెళ్లి తోటి శాస్త్రవేత్తలను హెచ్చరించారు. 1958లో ఏర్పడిన అంతర్జాతీయ అంతరిక్ష పరిశోధన సంఘం కోస్పార్ ఈ విషయాన్ని చేపట్టింది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం తొమ్మిదో అధికరణం ఇతర ఖగోళాలను హానికరమైన కాలుష్యానికి గురి చేయరాదని చెప్పింది కాని, ఏది హానికరమో నిర్వచించలేదు. భారతదేశం కూడా ఆ ఒప్పందంలో భాగస్వామి.

మన సూక్ష్మజీవులు ఇతర గ్రహాలకు చేరకుండా చూసే ఈ పనిని గ్రహ రక్షణ అంటారు. ఆ మాట అనగానే అక్కడేవో జీవులున్నాయని, వాటిని కాపాడటమే మన పని అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో ఈ నియమాలు మొదట కాపాడేది మనకు దొరకబోయే జవాబు విశ్వసనీయతను. సర్వేయర్-3 ఉదంతం చూడండి. 1967లో చంద్రుడి మీద దిగిన ఆ నౌక కెమెరాను 1969 నవంబరులో అపోలో-12 వ్యోమగాములు విప్పి తెచ్చారు. కెమెరా లోపలి ఫోమ్ ముక్కలో మనుషుల నోట్లో ఉండే స్ట్రెప్టోకోకస్ మైటిస్ అనే బాక్టీరియా కనబడింది. రెండున్నరేళ్లు చంద్రుడి మీద బతికిందని ఎంతో సంబరంగా చెప్పుకున్నారు. అది ఇక్కడి ప్రయోగశాలలో పరిశీలించేటప్పుడే చేరి ఉంటుందని తర్వాత ఆ పని తీరును తిరిగి పరిశీలించినవారు భావించారు. తెలిసిన బాక్టీరియా విషయంలోనే ఇంత సందిగ్ధం మిగిలితే, రేపు అంగారకుడి మట్టిలో ఒక కణం కనబడినప్పుడు అది ఎక్కడిదో ఎవరు తేల్చగలరు?

1976లో అంగారకుడి మీద దిగిన రెండు వైకింగ్ ల్యాండర్లనూ ప్రయోగానికి ముందు సుమారు 112 డిగ్రీల సెల్సియస్ వద్ద దాదాపు 30 గంటలు వేడి చేశారు. నేటి సున్నితమైన పరికరాలు అన్నీ ఆ వేడికి తట్టుకోవు కనుక, భాగాలను విడివిడిగా ఆల్కహాలుతో తుడవడం, పొడి వేడి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి వంటి పద్ధతులు వాడుతున్నారు. జీవాన్వేషణ లక్ష్యంగా లేని ల్యాండరు ఉపరితలం మీద సిద్ధబీజాలు (గడ్డు పరిస్థితులను తట్టుకునే బాక్టీరియా నిద్రాణ రూపాలు) మొత్తం 3 లక్షలకు, చదరపు మీటరుకు 300కు మించరాదన్నది ప్రమాణం. అయితే ఈ లెక్క దూదిపుల్లతో తీసిన నమూనాను వేడి చేసి, పోషక మాధ్యమంలో పెంచి, పెరిగినవాటిని లెక్కించగా వచ్చేది. ప్రయోగశాలలో పెరగని సూక్ష్మజీవులే ప్రకృతిలో ఎక్కువ. పైగా, పత్తి చేలో ఒకే మందు పదేపదే కొడితే దానికి లొంగని పురుగే మిగిలినట్టు, నౌకలను అమర్చే అతిశుభ్రమైన గదుల్లో, అంటే క్లీన్‌రూముల్లో, మొండివే మిగులుతున్నాయి. టెర్సికోకస్ ఫీనిసిస్ అనే బాక్టీరియా మొదట ఫ్లోరిడాలో, ఫ్రెంచ్ గయానాలోని కూరూలో, వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు క్లీన్‌రూముల్లోనే దొరికింది.

2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ వంటి, గ్రహం మీద దిగకుండా చుట్టూ తిరిగే ఆర్బిటర్లకు వేరే దారి ఉంది. 20 ఏళ్లలోపు గ్రహం మీద పడే అవకాశం ఒక శాతం లోపు, 50 ఏళ్లలోపు ఐదు శాతం లోపు ఉందని చూపగలిగితే సరిపోతుంది. శని ఉపగ్రహాలైన ఎన్సెలడస్, టైటాన్‌ల మీద ఎప్పుడో కూలే ప్రమాదం లేకుండా 2017 సెప్టెంబరులో కసీనీ నౌకను శని వాతావరణంలోకి దూకించి కాల్చివేసినది కూడా ఈ ఆలోచనతోనే.

ఇదంతా అతి జాగ్రత్త అనేవారు లేకపోలేదు. అతినీలలోహిత కిరణాలు అంగారకుడి మీద చాలా సూక్ష్మజీవులను నిమిషాల్లో చంపేస్తాయి, నిజమే. కాని రోవరు నీడలో, ధూళి కింద ఆ కిరణాలు సోకవు. ఎల్‌డీఈఎఫ్ అనే ఉపగ్రహంపై రక్షణతో ఉంచిన బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు ఆరేళ్ల దాకా అంతరిక్షంలో బతికాయి. ఉల్కల రూపంలో రెండు గ్రహాల మధ్య రాళ్ల రాకపోకలు ఎలాగూ ఉన్నాయి గదా అన్న వాదన ఇంకా బలమైనది. నాకైతే అదే వాదన ఎదురు తిరుగుతుంది: ఒకనాడు అలా జీవం కూడా వెళ్లి ఉంటే, అక్కడి జీవులు మనకు బంధువులే అవుతాయి, బంధువులను నిన్న మనం మోసుకెళ్లిన వాటి నుంచి వేరు చేయడం పరాయివారిని గుర్తించడం కన్నా కష్టం.

మనుషులు దిగే రోజున ఈ లెక్కలేవీ నిలవవు. లక్షల కోట్ల సూక్ష్మజీవులున్న మనిషిని వేడి పెట్టి శుద్ధి చేయలేం. అపోలో-11 వారిని 21 రోజుల క్వారంటైన్ నియమంలో ఉంచారు గాని, అంతకు ముందే సముద్రం మీద తలుపు తెరిచారు! అందువల్ల యంత్రాలు, మనుషుల్లో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నదే ఇప్పుడు తేలవలసిన విషయం. ద్రవజలం ఉండవచ్చనుకునే ప్రత్యేక ప్రాంతాలకు తగినంత శుద్ధి కాని క్యూరియాసిటీ వంటి రోవర్లను పోనివ్వరు. వైకింగ్ స్థాయిలో శుద్ధి చేసిన యంత్రాలు ఆ ప్రాంతాల్లోని మంచు పొరలను తవ్వి చూసే పని, మనుషుల యాత్రకు తేదీ నిర్ణయించక ముందే జరగాలి. రేపు మన ఇస్రో అంగారకుడి మీద ల్యాండరును దించదలచితే, బరువూ ఖర్చూ ప్రకటించినట్టే సిద్ధబీజాల లెక్కనూ ప్రయోగానికి ముందే ప్రజల ముందు పెట్టాలని నా కోరిక.