ఒక డ్యాము, రెండు కాలువలు: నల్లగొండ నుంచి ఒంగోలుకు

వ్యాఖ్యాత: నమస్కారం. ఒంగోలు నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ నా ఎదురుగా కూర్చున్న అక్క 2018 జూన్‌లో నల్లగొండ నుంచి మా ఊరికి బదిలీ మీద వచ్చారు. బ్యాంకులో వ్యవసాయ రుణాలు చూసే అధికారి. తన పేరు, బ్యాంకు పేరు చెప్పవద్దని కోరారు కనుక నేను అక్కా అనే పిలుస్తాను. తెలుగు ఊరి నుంచి తెలుగు ఊరికే వచ్చిన మనిషి సర్దుకోవలసింది ఏముంటుందని ఫోనులో అడిగినప్పుడు, మీరు మొదట చెప్పిన మాట భూమి కొలత గురించి. అక్కడి నుంచే మొదలుపెడదాం అక్కా.

అతిథి: నమస్కారం చెల్లెమ్మా. నేను చేరిన మొదటి వారంలో టంగుటూరు వైపు నుంచి ఒక పొగాకు రైతు పంట రుణం కోసం వచ్చి, తనకు రెండెకరాల నలభై సెంట్లు ఉన్నదని చెప్పాడు. మా దగ్గర ఎకరానికి నలభై గుంటలు కాబట్టి, నలభై అన్న మాట చెవిన పడగానే నా మనసు దానిని నిండు ఎకరంగా లెక్క వేసుకుంది, నేను మూడెకరాలని రాసేశాను. ఆ రైతు కాగితం చూసి, తనకు లేని భూమి రాశానని చెప్పి, పక్కన నిలబడి దిద్దించాడు. ఇక్కడ ఎకరానికి వంద సెంట్లని నాకు పుస్తకజ్ఞానంగా తెలుసు, కానీ చేతికి తెలియదు. ఆ తరువాత భూమి రికార్డు కోసం పహాణీ తెమ్మంటే రైతులు నా ముఖం చూసేవారు, వాళ్లు అడంగల్ అంటే నేను ఒక క్షణం ఆగి అర్థం చేసుకునేదాన్ని. మా తాత పట్వారీ అన్న మనిషినే ఇక్కడి పెద్దలు కరణం అన్నారు. ఒక వైపు నిజాం రాజ్యం, మరో వైపు మద్రాసు ప్రెసిడెన్సీ ఎన్నో ఏళ్లు పాలించి వెళ్లిపోయినా, ఆ రెండు పాలనలు భూమి మీద వదిలిన మాటలు ఇంకా పోలేదని నాకు ఆ కౌంటరు దగ్గరే తెలిసింది.

వ్యాఖ్యాత: ఇందులో మా వైపు నుంచి ఒక మాట చెప్పాలి. ఈ జిల్లా కూడా ఒకే ముద్ద కాదు. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు తీసి ఒంగోలు జిల్లాగా కలిపారు, 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. గిద్దలూరు మనిషి మాటకు, కందుకూరు మనిషి మాటకు ఇప్పటికీ పోలిక తక్కువ. అయితే మీరు వచ్చిన సమయం మాత్రం ప్రత్యేకమైనది. రాష్ట్రం విడిపోయి నాలుగేళ్లే అయింది.

అతిథి: తేదీలతో సహా చెబుతాను. జూన్ 2న నల్లగొండలో మా శాఖ ఎదుట జెండా ఎగరేసి, మిఠాయి పంచుకున్నాం. జూన్ 4 సోమవారం నాడు ఒంగోలులో చేరాను. ఇక్కడ అదే జూన్ 2 నుంచి వారం రోజుల పాటు ప్రభుత్వం నవ నిర్మాణ దీక్ష జరుపుతోంది. మేము పుట్టినరోజుగా చేసుకున్న దినాన్ని ఇక్కడ నష్టపోయిన దినంగా తలుచుకుని ప్రతిజ్ఞలు చేస్తున్నారు. ఒకే తేదీ రెండు ఊళ్లలో రెండు ముఖాలతో కనబడటం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

అదే నెలలో అద్దె ఇంటి కోసం తిరుగుతున్నప్పుడు ఒక పెద్దావిడ నా మాట తీరు విని, విడిపోవాలని కొట్లాడినవాళ్లు మళ్లీ మా ఊరికి ఎందుకు వచ్చారని అడిగింది. ఆవిడ గొంతులో కోపం కంటే బాధ ఎక్కువ ఉందని ఇప్పుడు అనిపిస్తుంది, కానీ ఆనాడు నాకు కోపమే వినిపించింది. నేను జవాబు చెప్పకుండా మెట్లు దిగి వచ్చేశాను. అప్పటి నుంచి దాదాపు ఏడాది పాటు నా మాటను నేనే కడిగి, ఆరబెట్టి, ఇక్కడి మాటలా కనిపించేటట్టు మాట్లాడాను. ఆ ఏడాది నేను ఎవరికీ దగ్గర కాలేదు.

వ్యాఖ్యాత: కొత్త ఊరికి వెళ్లేవాళ్లకు పెద్దలు ఇచ్చే సలహా కూడా అదే కదా అక్కా, రాజకీయాలు మాట్లాడకుండా ఉంటే గొడవ ఉండదని.

అతిథి: ఆ సలహాతో నేను ఏకీభవించను. గొడవ ఉండని మాట నిజమే, కానీ స్నేహం కూడా ఉండదు. మా శాఖలో పదవీ విరమణకు దగ్గరపడిన ఒక సహోద్యోగి ఉండేవారు. ఒక సాయంత్రం లెక్కలు ముగిశాక ఆయన తనంతట తాను ఒక విషయం చెప్పారు. ఆయన తండ్రి మద్రాసులో చదువుకున్నారట, ఆ కుటుంబానికి పట్నం అంటే మద్రాసే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు, రాజధాని కర్నూలుకు పోయింది. మూడేళ్లకే అది హైదరాబాదుకు మారింది. ఆయన కొడుకు హైదరాబాదులో ఉద్యోగంలో చేరి, అక్కడే అప్పు చేసి ఫ్లాటు కొనుక్కున్నాడు. 2014లో ఆ నగరం కూడా పొరుగు రాష్ట్రపు రాజధాని అయింది. ‘మా ఇంట్లో మూడు తరాలుగా పెద్ద ఊరు కట్టడానికి వెళ్లడం, అది మనది కాదని తిరిగి చూసుకోవడం’ అన్నారాయన. విభజన మీద ఎన్నో ఉపన్యాసాలు విన్నాను కానీ, అది ఒక ఇంటి లోపల ఎలా ఉంటుందో ఆ రోజే విన్నాను.

ఆయన చెప్పారు కాబట్టి నేనూ చెప్పాను. 1956లో పెద్దమనుషుల ఒప్పందం అని ఒకటి రాసుకున్నారని, అందులో మా ఉద్యోగాలకూ మా నిధులకూ రక్షణ ఉంటుందని మాట ఇచ్చారని, ఆ మాట నిలవలేదని 1969లో మా చిన్నాన్న వయసు పిల్లలు వీధుల్లోకి వచ్చారని, కాల్పుల్లో ఎందరో చనిపోయారని చెప్పాను. మా ఇంట్లో రాష్ట్రం అన్న మాట రాజకీయ నాయకుల మాట కాదు, మా చిన్నాన్నకు రాని ఉద్యోగం మాట. ఆయన విని చాలాసేపు ఊరుకున్నారు. ఇద్దరిలో ఎవరమూ అభిప్రాయం మార్చుకోలేదు. మరునాడు ఆయన ఇంటి నుంచి నాకు కూడా కలిపి క్యారియరు వచ్చింది.

వ్యాఖ్యాత: నీళ్ల సంగతికి వద్దాం. నాగార్జునసాగర్ గురించి మాట్లాడకుండా నల్లగొండ మనిషి, ఒంగోలు మనిషి ఒక చోట కూర్చుని లేవలేరు.

అతిథి: నిజమే. సాగర్ డ్యాముకు ఒక కొస నల్లగొండ నేల మీద, మరో కొస మీ వైపు పల్నాడులో ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాదిరాయి వేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మా వైపు, కుడి కాలువ మీ వైపు. మా ఊరు ఎడమ కాలువకు ఎగువన, మెట్ట మీద ఉంది. డ్యాము మా జిల్లా అంచునే ఉన్నా నీళ్లు మా చేలను ముట్టుకోకుండా కిందికి పోయేవి. కుడి కాలువ వాళ్లు మా నీళ్లు తాగి బాగుపడ్డారనే మాట నేను ఉగ్గుపాలతో విన్నాను. ఇక్కడికి వచ్చాక చూస్తే ప్రకాశం జిల్లా ఆ కుడి కాలువకు తోక భాగం. గుంటూరు, పల్నాడు దాటి దర్శి, అద్దంకి చేలకు నీళ్లు చేరేసరికి కాలువ సన్నబడిపోతుంది. ఒంగోలు నగరం తాగే నీళ్లు రామతీర్థం జలాశయం మీదుగా సమ్మర్ స్టోరేజి ట్యాంకులకు వచ్చే సాగర్ నీళ్లే. బాగుపడ్డారని నేను విన్న మనుషులు వేసవి వస్తే బిందెలు వరుసలో పెట్టుకుని నిలబడి ఉన్నారు.

వ్యాఖ్యాత: మాకు వారంలో ఎన్ని రోజులకు ఒకసారి కొళాయి వస్తుందన్నది ఆ ట్యాంకుల మట్టమే చెబుతుంది. 2023 నవంబరు 30 మీకు గుర్తుందా?

అతిథి: ఎలా మరిచిపోతాను? ఆ రోజు తెలంగాణ శాసనసభకు పోలింగు. మా అమ్మ నాతోనే ఒంగోలులో ఉంటుంది కానీ ఓటు నల్లగొండలో ఉంది, ముందు రోజే బస్సెక్కి వెళ్లింది. తెల్లవారేసరికి టీవీలో సాగర్ డ్యాము మీద ఆంధ్ర పోలీసులు, ఇరవై ఆరు గేట్లలో సగం దగ్గర ముళ్ల కంచె, కుడి కాలువకు వదిలిన నీళ్లు కనిపిస్తున్నాయి. అమ్మ ఫోను చేసి, మీవాళ్లు నీళ్లు ఎత్తుకపోతున్నరు అంది. శాఖలోకి అడుగు పెడితే ఒకరు, మీవాళ్లు మా తాగునీళ్లు కూడా ఆపుతున్నారు అన్నారు. గంట వ్యవధిలో రెండు వైపులా ‘మీవాళ్లు’ నా పాలే అయ్యారు. ఆ రోజు నేను ఎవరి పక్షమూ మాట్లాడలేదని అనుకోవద్దు. పోలీసులను పంపి తీసుకోవలసిన నీళ్లు కావని మా సిబ్బందితో గట్టిగానే అన్నాను. సాయంత్రం అమ్మతో మాత్రం, అవి పొలాలకు కాదు, మన వీధి కొళాయికి వచ్చే నీళ్లని చెప్పాను. తరువాత డ్యాము కేంద్ర బలగాల చేతికి వెళ్లింది.

వ్యాఖ్యాత: ఆ ఉదయం మేము ట్యాంకు నిండుతుందని సంతోషించాం అక్కా. అవతల ఒకరికి అది ఎలా కనిపించి ఉంటుందని ఆలోచించలేదు.

అతిథి: అది తప్పు కాదు చెల్లెమ్మా. దాహం వేసినవాడికి నీళ్లు వస్తే సంతోషమే కలుగుతుంది. నేను అసలు చెప్పదలచుకున్నది కనిగిరి గురించి. మధ్యలో రెండేళ్లు ఆ వైపు శాఖలో పనిచేశాను. నీళ్లలో ఫ్లోరైడు అంటే నల్లగొండకే పట్టిన శాపమని నా నమ్మకం. మర్రిగూడ వైపు వంకర తిరిగిన కాళ్లతో కూర్చున్న పిల్లలను చూస్తూ పెరిగినదాన్ని. కనిగిరి దగ్గర ఒక గ్రామంలో రుణం వసూలుకు వెళితే అరుగు మీద ఒక పెద్దాయన అదే నడుముతో, అవే మోకాళ్లతో కూర్చుని ఉన్నాడు. తరువాత చదివి తెలుసుకున్నాను, మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇవాళ ప్రకాశం కింద ఉన్న దర్శి ప్రాంతంలో. మా బాధకు మీ బాధ అక్కలాంటిది. ఆ ఇంటి ముందు నేను వసూలు మాట ఎత్తలేకపోయాను.

మరొకటి చూడండి. శ్రీశైలం జలాశయానికి ఒక పక్క నల్లగొండ కోసం నల్లమల కింద నలభై నాలుగు కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. మరో పక్క కొల్లంవాగు దగ్గర మొదలుపెట్టి మార్కాపురం, కనిగిరి వైపు నీళ్లు తేవడానికి వెలిగొండ ప్రాజెక్టు కింద దాదాపు పందొమ్మిది కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు తవ్వారు. వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఒకే జలాశయం, ఒకే అడవి, ఇరువైపులా కొండ కింద నుంచి నీళ్ల కోసం దశాబ్దాల ఎదురుచూపు. 2025 ఫిబ్రవరి 22న మా వైపు సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు, కనిగిరి శాఖలో నా దగ్గర రుణం తీసుకున్న ఒక రైతు ఫోను చేసి, వాళ్లు బయటపడ్డారా అని నాలుగు రోజులు వరుసగా అడిగాడు. సొరంగం అంటే ఏమిటో, అది రాకపోతే ఏమవుతుందో అతనికి ఎవరూ వివరించనవసరం లేదు. ఈ రెండు ఊళ్ల మనుషులను ఒకరి మీద ఒకరిని నిలబెట్టే ఉపన్యాసాలు విన్నప్పుడు నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

వ్యాఖ్యాత: అమ్మగారు ఇక్కడ ఎలా కుదురుకున్నారు?

అతిథి: నాకంటే ఆలస్యంగా, నాకంటే బాగా. మాకు ఊరికి తిరిగి వెళ్లే పండుగ దసరా, మీకు సంక్రాంతి. మొదటి ఏడాది అందరూ ఉద్యోగాలకు వెళుతుంటే అమ్మ డాబా మీద ఒక్కతే బతుకమ్మ పేర్చుకుంది. తంగేడు పువ్వు ఊరి బయట బీళ్లలో కావలసినంత దొరికింది. గునుగు పువ్వు కోసం చేలగట్ల వెంట తిరగవలసి వచ్చింది. మూడో ఏడాది పక్కింటివాళ్లు చూడటానికి వచ్చి, చూస్తూ ఉండలేక వరుసలో కలిశారు. గొబ్బెమ్మల చుట్టూ తిరిగి చప్పట్లు తట్టిన చేతులకు బతుకమ్మ అడుగు నేర్పవలసిన పని లేదు. ఆ సంక్రాంతికి వాళ్లు అమ్మను ముగ్గుల దగ్గరకు తీసుకువెళ్లారు. మాట విషయంలో మాత్రం అమ్మ నాలా కడుక్కోలేదు, ఒక్క ముక్క మార్చుకోలేదు. కూరగాయల బండి అతనే ఇప్పుడు మా వీధిలోకి వస్తే ఉల్లిగడ్డ అని అరుస్తాడు.

వ్యాఖ్యాత: మీ ఓటు ఇప్పుడు ఎక్కడ ఉంది?

అతిథి: ఫారం 8 పెట్టి ఒంగోలుకు మార్చుకున్నాను. ఈ కాలువ నీళ్లు తాగుతూ, ఈ నగరపాలక సంస్థకు పన్ను కడుతూ, ఓటు మాత్రం అక్కడ ఉంచుకోవడం నాకు సరిగా అనిపించలేదు. అమ్మ మార్చుకోనంది, నేను బలవంతం చేయలేదు. 2024 మే 13న ఇక్కడ శాసనసభకూ లోక్‌సభకూ, అక్కడ లోక్‌సభకూ ఒకే రోజు పోలింగు వచ్చింది. మర్నాడు అమ్మ నల్లగొండ నుంచి బస్సు దిగాక ఇద్దరం వంటింట్లో వేళ్ల మీది సిరా పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఎవరికి వేశావని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు.

వ్యాఖ్యాత: మళ్లీ బదిలీ వస్తే వెళ్లిపోతారా అక్కా?

అతిథి: ఉద్యోగం ఎటు పంపితే అటు వెళ్లవలసిందే. కానీ పోయిన ఏడాది ఊరి చివర ఒక స్థలం కొన్నాం. రిజిస్ట్రేషను కాగితంలో ఐదు సెంట్లని రాశారు. అమ్మకు ఎంత అని చెప్పాలో నాకు తెలుసు కాబట్టి, రెండు గుంటలని చెప్పాను. ఇంటికి సరిపోతుందంది.