ముందు ఇనుము, తర్వాతే గార

అందరికీ నమస్కారం.

తోడినప్పుడు తేటగా ఉన్న నూతినీళ్ళు తెల్లారేసరికి ఎర్రబడి, బిందె అడుగున తుప్పురంగు మడ్డి దిగిందంటే వాటిలో ఇనుము ఉంది. పూర్వం అన్నభేదినీ కరక్కాయనీ కలిపి సిరా చేసేవారు. అన్నభేది ఇనుము లవణమే, కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. మీ నూతినీళ్ళతో పెట్టిన టీ నల్లగా రావడానికి కారణం కూడా ఇదే. గ్లాసు నీళ్ళలో చిటికెడు కరక్కాయ పొడి వేసి అరగంట ఆగండి. ఊదాగానో నల్లగానో మారితే ఇనుము ఉన్నట్టే. ఎంత ఉందో మాత్రం ల్యాబు చెప్పాలి. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే చాలు, బట్టలకు మరక పడుతుంది.

పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరు కడ్డీకి తెల్లగా గార కడుతుంది. ఇది వేరే జబ్బు, కాల్షియం మెగ్నీషియంల వల్ల వచ్చేది. దీన్నే నీళ్ళ కాఠిన్యం అంటారు. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి; వేరే నీళ్ళు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. రెండు జబ్బులూ ఒకే ఇంట్లో ఉంటే ముందు ఇనుము పని పట్టాలి. ఈ వరస తప్పడం వల్లే చాలా ఇళ్ళలో డబ్బు వృథా అవుతోంది.

దానికీ ముందు చూడాల్సింది గొట్టం. పొద్దున్నే మోటారు వేయగానే ఒక తెల్ల గిన్నెలో, పది నిమిషాలు పారాక ఇంకో గిన్నెలో నీళ్ళు పట్టి మూడు గంటలు ఉంచండి. మొదటిదే ఎర్రబడితే తప్పు నీళ్ళది కాదు, తుప్పుపట్టిన జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుది. పైపు మార్చుకుంటే సరిపోతుంది. రెండూ ఎర్రబడితే ఇనుము భూమిలోంచే వస్తోంది.

భూమిలో గాలి తగలక ఇనుము నీళ్ళలో కరిగి ఉంటుంది. అందుకే పటిక వేసినా, చిల్లగింజ అరగదీసి కలిపినా అప్పుడే తోడిన నీళ్ళలో ఇనుము పోదు. అవి బురదను దించుతాయి గానీ కరిగినదాన్ని కాదు. ముందు గాలి తగిలి ఇనుము తుప్పుగా మారాలి, అప్పుడే వడకట్టగలం.

దీనికి 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు చాలు. మొదటిది మూడున్నర అడుగుల ఇటుక దిమ్మ మీద పెట్టండి. నిండితే రెండు క్వింటాళ్ళు దాటుతుంది, దిమ్మ గట్టిగా ఉండాలి. డ్రమ్ము పైన మూరెడు ఎత్తున షవరు బిగించి నీళ్ళు చినుకులుగా పడనివ్వండి. రాత్రంతా కదపకుండా ఉంచాలి. బయటికి తీసే కుళాయి అడుగు నుంచి నాలుగు అంగుళాల పైన ఉండాలి, లేకపోతే దిగిన మడ్డి మళ్ళీ వచ్చేస్తుంది. మడ్డి వదలడానికి అడుగున వేరే కుళాయి పెట్టండి.

రెండో డ్రమ్ము అడుగున చిల్లులు పెట్టిన అంగుళం పీవీసీ పైపు, దాని మీద 10 సెంటీమీటర్లు 20 ఎంఎం కంకర పిక్క, 5 సెంటీమీటర్లు బేబీ చిప్స్ (సన్న పిక్క), ఆపైన 45 సెంటీమీటర్లు ఇసుక. గెడ్డ (వాగు) ఇసుకైనా, నాగావళి ఇసుకైనా ఫరవాలేదు. సముద్రపు ఇసుక వద్దు. జల్లించి, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. బయటికొచ్చే పైపును ఇసుక మట్టం కన్నా రెండంగుళాలు పైకి లేపి వంచండి, ఇసుక ఎప్పుడూ తడిలోనే ఉంటుంది. 15 లీటర్ల బిందె నిండడానికి ఐదు నిమిషాలు పట్టేలా వాల్వు తిప్పుకోండి. తొందరపడి ఎక్కువ వదిలితే తుప్పు ఇసుక దాటి వచ్చేస్తుంది. రెండు డ్రమ్ములకూ దోమతెర కట్టండి.

ధార తగ్గినప్పుడు పైన మూడు సెంటీమీటర్ల ఇసుక మాత్రం గీకి, కడిగి, తిరిగి వేయండి. ఇసుక గోధుమరంగుకు తిరిగిందని మొత్తం మార్చకండి. ఆ తుప్పు పూతే కొత్తగా వచ్చే ఇనుమును త్వరగా పట్టుకుంటుంది. ఈ వడపోత క్రిములను చంపదు, తాగే నీళ్ళు కాచుకోవలసిందే.

ఇంత చేసినా ఎరుపు పోకపోతే పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్లగుణాన్ని చెప్పే కొలత, చూడండి. 6.5 కన్నా తక్కువుంటే ఇనుము తుప్పుగా మారడానికి చాలా సమయం పడుతుంది. సున్నపు తేట గ్లాసు చొప్పున కలుపుతూ, పీహెచ్ కాగితంతో 7.2 నుంచి 7.5 మధ్యకు తెచ్చుకోండి. మరక ఎర్రగా కాక నల్లగా ఉంటే మాంగనీసును అనుమానించాలి. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనుల నేల కాబట్టి అక్కడివాళ్ళు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. గాలి ఒక్కటే తగిలితే మాంగనీసు పోదు, ల్యాబు రిపోర్టు చూసి దానికి తగిన వడపోత పెట్టాలి.

ఇక గార. కాస్తే పోయేది కొంత, కాచినా పోనిది కొంత. లీటరు నీళ్ళు పది నిమిషాలు మరగబెట్టి, చల్లార్చి, పైతేటలో సబ్బు నురగ చూడండి. నురగ బాగా వస్తే కాస్తే పోయే రకం, రాకపోతే కాచినా పోని రకం. డిటర్జెంటుతో చూస్తే తెలియదు, అది కఠిన జలంలోనూ నురగ ఇస్తుంది. ఇల్లంతటికీ కావాలంటే కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్ పెట్టుకోవచ్చు. దానిలోని 25 లీటర్ల రెజిన్ (కాల్షియాన్ని పట్టుకునే సన్న గింజలు), 500 కాఠిన్యం ఉన్న నీళ్ళను దాదాపు 2,500 లీటర్ల వరకు మారుస్తుంది. తర్వాత నాలుగు కిలోల ఉప్పును 36 లీటర్ల నీళ్ళలో కరిగించి రెజిన్ గుండా పంపాలి, అప్పుడది మళ్ళీ పనికొస్తుంది. నౌపడ గళ్ళుప్పు వాడొచ్చు, ముందు వడకట్టి. ఇనుము తీయని నీళ్ళు వదిలితే రెజిన్ గింజలకు తుప్పు పట్టి, ఎంత ఉప్పు పోసినా పనిచేయదు. ఆర్‌వో పొరకూ అదే గతి.

సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం వదులుతుంది. 500 కాఠిన్యానికి లీటరుకు 230 మిల్లీగ్రాములు. అందుకని వంటింటి కుళాయిని సాఫ్ట్‌నర్‌కు ముందే కలపండి. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళ ఇంట్లో ఇది తప్పనిసరి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఈ డ్రమ్ములు దానికి రక్షణ అనుకోకండి.

తుప్పు మరకకు బ్లీచింగు వేస్తే మరక బిగుసుకుంటుంది. లీటరు వేడినీళ్ళలో 40 గ్రాముల నిమ్మఉప్పు వేసి గంట నానబెట్టండి, గీజరు గారకూ ఇదే. నిమ్మఉప్పునూ బ్లీచింగునూ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

పరీక్షకు లీటరు సీసాను నూతినీళ్ళతోనే మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపి, ఆరోజే గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు ఇవ్వండి. మర్నాటికి ఇనుము సీసా గోడకు అంటుకుని లెక్క తక్కువ చూపిస్తుంది. ఇనుము, మాంగనీసు, పీహెచ్, మొత్తం కాఠిన్యం, ఈ నాలుగూ రాయించుకోండి.