సొరంగం తవ్వితే పాత రోడ్డును అడవికి ఇచ్చేయాలి

అందరికీ నమస్కారం.

మన విశాఖలో హనుమంతవాక నుంచి ముడసర్లోవ మీదుగా అడవివరం వెళ్ళే రోడ్డు ఈ హాల్లో ఉన్న అందరికీ తెలుసు. అడవివరం దాటి శొంఠ్యాం వైపు తిరిగితే రోడ్డు ఇంకా లోపలికి, కొండల మధ్యకి పోతుంది. పొద్దున ఆఫీసులకీ కాలేజీలకీ వెళ్ళే బళ్ళు, ఆటోలు, టిప్పర్లు, శని ఆదివారాలు వస్తే సింహాచలం అప్పన్న దర్శనానికి వెళ్ళే జనం. ఒక టిప్పర్ ముందుంటే దాని వెనకే అందరూ నడవాలి. "ఈ రోడ్డు వెడల్పు చేయాల్సిందే" అంటారు కొందరు. "చెట్లు కొట్టడం ఎందుకు, కొండ కింద నుంచి సొరంగం వేస్తే సరిపోతుంది కదా" అంటారు ఇంకొందరు.

సొరంగం మాట నాకూ ఇష్టమే. కానీ ఒక షరతు మీద. సొరంగానికి అనుమతి ఇచ్చే కాగితంలోనే పైనున్న రోడ్డు ఎప్పుడు మూస్తారు, ఆ తారు ఎవరు తీస్తారు, అక్కడ ఏం పెంచుతారు అన్నవి రాసి ఉండాలి. అది లేకపోతే మనకి రెండు రోడ్లు వస్తాయి, అడవికి మాత్రం ఏమీ రాదు.

ఈ షరతు నేను ఊహించి చెబుతున్నది కాదు, ఒక చోట జరిగింది. ఇంగ్లండ్‌లో లండన్ నుంచి పోర్ట్స్‌మత్ వెళ్ళే ఏ3 అనే రోడ్డు ఉంది. దారిలో ఎక్కువ భాగం రెండు వైపులా కనీసం రెండేసి లేన్లు, హైండ్‌హెడ్ అనే ఊరి దగ్గర మాత్రం పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి. పైగా ఊరి మధ్య నాలుగు రోడ్ల కూడలి, సిగ్నల్ లైట్లు. రోజుకి సుమారు 30 వేల వాహనాలు అక్కడికి వచ్చి ఆగేవి. ఆ పక్కనే డెవిల్స్ పంచ్ బౌల్ అనే పెద్ద లోయ ఉంది. అడవీ పొదలూ కలిసిన నేల, నేల మీదే గుడ్లు పెట్టే నైట్‌జార్ లాంటి పక్షులకి నివాసం. రోడ్డు సరిగ్గా ఆ లోయ అంచు చుట్టూ తిరుగుతూ, లోయని ఒక పక్కకీ, హైండ్‌హెడ్ కామన్ అనే నేలని ఇంకో పక్కకీ విడగొట్టేసింది.

పైనుంచే కొత్త రోడ్డు వేయాలన్న ఆలోచనలు అక్కడా వచ్చాయి. అయితే ఆ నేల 1906 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. ఆ ట్రస్ట్ భూమికి అక్కడి చట్టంలో గట్టి రక్షణ ఉంది, ఎవరు పడితే వాళ్ళు తీసుకోలేరు. చివరికి సొరంగమే ఖాయమైంది. 2004లో బహిరంగ విచారణ జరిగింది, 2007లో పని మొదలైంది, 2011 జులై 27న తెరిచారు. పొడవు 1.83 కిలోమీటర్లు, పక్కపక్కనే రెండు గొట్టాలు, మొత్తం ప్రాజెక్టు ఖర్చు 37 కోట్ల 10 లక్షల పౌండ్లు. తర్వాత లోయ చుట్టూ తిరిగే పాత రోడ్డు తారుని పెళ్ళగించారు. రోడ్డు కోసం కొండని కోసిన చోట మట్టితో పూడ్చి, పాత వాలు మళ్ళీ వచ్చేలా సర్ది, అక్కడి మొక్కలే పెరిగేలా చేశారు. ఇప్పుడు లోయా, కామన్ నేలా ఒక్కటే. మనుషులు నడిచి వెళ్ళొచ్చు, కార్లు వెళ్ళలేవు. పని మొదలవక ముందే ఇదంతా పథకంలో భాగం. అందుకే జరిగింది.

ఇక మన కొండల సంగతి. ఈ కొండల్లోని కంబాలకొండ అడవి 1970 దాకా విజయనగరం రాజుల ఆధీనంలో ఉండేది, తర్వాత అటవీశాఖకి వచ్చింది, 2002లో అభయారణ్యం అయింది. విస్తీర్ణం 71 చదరపు కిలోమీటర్ల దగ్గర. చిరుతలు, జింకలు, నక్కలు ఉన్న అడవి, ఇంత పెద్ద నగరాన్ని ఆనుకుని! 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ కొండల మీద చెట్లు ఎలా పడిపోయాయో మనం చూశాం. మళ్ళీ పచ్చబడటానికి ఏళ్ళు పట్టింది. జాతీయ రహదారి ఇప్పటికే జూపార్కుని ఒక వైపు, కంబాలకొండని ఇంకో వైపు ఉంచింది. ఇంకో వెడల్పు రోడ్డు పడితే మిగిలిన అడవి మరిన్ని ముక్కలవుతుంది.

కొండ తొలవడం మన ప్రాంతానికి కొత్త కాదు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలు మార్గం 1960లలో వేసిందే. అరకు వెళ్ళేటప్పుడు పిల్లలు సొరంగాలు లెక్కపెట్టని ఇల్లు విశాఖలో ఉండదేమో. కానీ రోడ్డు సొరంగం వేరు. రైలుకి ఒక్క గొట్టం చాలు. రోడ్డుకి గాలి ఆడించే ఫ్యాన్లు కావాలి, పగలు కూడా లైట్లు కావాలి, నిప్పంటుకుంటే మనుషులు పక్క గొట్టంలోకి తప్పించుకునే అడ్డదారులు కావాలి. 1999లో ఫ్రాన్స్, ఇటలీల మధ్య ఉన్న మోంట్ బ్లాంక్ సొరంగంలో ఒక లారీ అంటుకుని 39 మంది చనిపోయారు. అందులో ఉన్నది ఒకటే గొట్టం, ఎదురెదురు వాహనాలు. ఖర్చు తగ్గించడానికి "ముందు ఒకటి వేద్దాం, రెండోది తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోవద్దు.

మన రాయి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇక్కడ ఎక్కువగా ఉన్నది ఖొండలైట్. లోపల గట్టిగా ఉన్నా, పైన ఎండకీ వానకీ చాలా లోతు దాకా కుళ్ళిపోయి ఎర్రమట్టి అయిపోతుంది. కొండ నడుమ తవ్వడం కన్నా సొరంగం నోటి దగ్గర తవ్వడమే కష్టం. అక్కడ అడుగడుగునా షాట్‌క్రీట్ (గోడ మీద చిమ్మే కాంక్రీటు) కొట్టుకుంటూ, రాక్ బోల్టులు (రాయిని పట్టి ఉంచే ఉక్కు కడ్డీలు) దింపుకుంటూ పోవాలి. ఆ నోరు పెట్టే చోటే అడవికి అసలు దెబ్బ తగులుతుంది.

ఇంకా ముఖ్యమైనది నీళ్ళు. సింహాచలం కొండ మీద గంగధార ఉంది, కొండ అవతల మాధవధార ఉంది. ముడసర్లోవ రిజర్వాయర్ నిండేది ఈ కొండల వాననీటితోనే. కొండ పగుళ్ళలో దాగిన నీరు నెమ్మదిగా ఊటగా, గెడ్డగా, అంటే వాగుగా బయటికొస్తుంది. ఆ పగుళ్ళకి అడ్డంగా సొరంగం తవ్వి, గోడకి నీరు దిగని పొర సరిగా వేయకపోతే, కొండలోని నీరంతా సొరంగం డ్రైనేజీలోకి వచ్చేస్తుంది. ధార ఎండితే మళ్ళీ తెప్పించడం చాలా కష్టం. కాబట్టి తవ్వడానికి ముందే కనీసం రెండు వానాకాలాలు ఈ ఊటల్ని కొలిచి, ఆ లెక్కలు జనం ముందు పెట్టాలి.

మట్టి లెక్క కూడా వినండి. ఒక్కో గొట్టం అడ్డకోత 100 చదరపు మీటర్లు అనుకుందాం. రెండు గొట్టాలు, కిలోమీటరు పొడవు, అంటే 2 లక్షల ఘనపు మీటర్ల రాయి. పగలగొట్టాక ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది, 3 లక్షలు. టిప్పర్‌కి 15 ఘనపు మీటర్లు వేసుకున్నా 20 వేల ట్రిప్పులు. ఆ టిప్పర్లు వెళ్ళేది ఈ ఇరుకు రోడ్డు మీదే. ఆ మట్టి గెడ్డల్లో పోస్తే వానాకాలం కింది కాలనీలు మునుగుతాయి. పాత రోడ్డు కోసం కోసిన చోట్లు పూడ్చడానికి అందులో కొంత వాడొచ్చు.

మన దేశంలోనూ అడవి దారికి బదులు సొరంగం వేశారు. కేరళలో త్రిస్సూర్–పాలక్కాడ్ రహదారి మీద కుతిరాన్ కొండ ఉంది, పీచి–వళాని అభయారణ్యం పక్కన. అక్కడి జంట సొరంగాల్లో మొదటిది 2021 జులై 31న తెరిచారు, రెండోది 2022 జనవరిలో. పొడవు కిలోమీటరు కన్నా కాస్త తక్కువే, అయినా పని మధ్యలో ఆగి ఏళ్ళకేళ్ళు సాగింది. మన సబ్బవరం దాకా వచ్చే రాయపూర్–విశాఖ ఆరు లేన్ల రోడ్డులో ఛత్తీస్‌గఢ్ అడవి కింద 2.79 కిలోమీటర్ల జంట సొరంగం పెట్టారు. అంటే చేతకాని పని కాదు.

మరి పాత రోడ్డు మీద ఆధారపడ్డ ఊళ్ళ మాటేమిటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అడవివరం నుంచీ, అవతల శొంఠ్యాం నుంచీ ఇళ్ళున్నంత దాకా రోడ్డు ఉండాలి. ఆ మధ్య అడవి ముక్క మాత్రమే మూయాలి. మూసిన చోట నడక దారి ఉంచవచ్చు.

సొరంగం రావడానికి, వస్తే, చాలా ఏళ్ళు పడుతుంది. ఈలోపు చేయగలిగింది ఒకటుంది. నల్లమల గుండా శ్రీశైలం వెళ్ళే రోడ్డుని రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తున్నారు, జనం దానికి అలవాటు పడ్డారు. కర్ణాటకలోని బందీపూర్‌లో 2009 నుంచి ఇదే పద్ధతి. అడవివరం–శొంఠ్యాం మధ్య అడవి భాగంలో కూడా అంబులెన్సులు, ఆ ఊళ్ళవాళ్ళ బళ్ళు తప్ప రాత్రిపూట అన్నీ ఆపమని అడుగుదాం. టిప్పర్లని ముందుగా ఆపమందాం. దీనికి కోట్లు అక్కర్లేదు, రెండు గేట్లు, నలుగురు సిబ్బంది చాలు. అటవీశాఖకీ కలెక్టర్‌గారికీ ఇవ్వాల్సిన వినతి పత్రం బల్ల మీద ఉంది. చదివి, ఏమైనా మార్చాలనిపిస్తే పెన్నుతో అక్కడే రాసి, సంతకం పెట్టండి.