అడవి ఈస్ట్‌ల చుట్టరికం తేల్చడం ఎలా?

(తెర: ఓక్ చెట్టు బెరడు, బాగా దగ్గరగా)

ఈ పగుళ్లలో శాకరోమైసిస్ పారడాక్సస్ దొరుకుతుంది. బ్రెడ్ ఈస్ట్‌కి బాగా దగ్గరి జాతి. ఈ చెట్టు మీదిదీ పక్క చెట్టు మీదిదీ ఏమవుతాయో మైక్రోస్కోప్ చెప్పలేదు. డీఎన్ఏ మార్కర్లు (ఒక్కో ఈస్ట్‌లో తేడాగా ఉండే డీఎన్ఏ చోట్లు) చెబుతాయి, శాంపిల్ సరిగ్గా తీస్తే.

(తెర: ట్యూబులో బెరడు ముక్క)

బెరడు ముక్క మీద చక్కెర, 7–8 శాతం ఇథనాల్ ఉన్న మీడియం పోసి, 30 డిగ్రీల దగ్గర వారం పది రోజులు ఉంచండి. బూజులు, బ్యాక్టీరియా చాలావరకు ఆ ఆల్కహాల్‌కి తట్టుకోలేవు. తర్వాత ప్లేటు మీద గీసి, విడి కాలనీని తీసి మళ్లీ గీయండి, కనీసం రెండుసార్లు. జాతి ఏదో ఐటీఎస్ (జాతులను గుర్తించడానికి వాడే డీఎన్ఏ ముక్క) సీక్వెన్స్‌తో ఖాయం చేసుకోండి. ఒక్కో ట్యూబు నుంచి ఒక్క కాలనీయే లెక్కలోకి రావాలి. ఎందుకంటే ట్యూబులో పెరిగినవన్నీ ఒకే కణం పిల్లలు కావచ్చు.

డీఎన్ఏ తీయడం తేలికే: 200 మిల్లీమోలార్ లిథియం అసిటేట్, 1 శాతం ఎస్‌డీఎస్ (ఒక డిటర్జెంట్) కలిపిన ద్రావణంలో కణాలను 70 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి, ఇథనాల్ పోసి సెంట్రిఫ్యూజ్ చేయండి. 70 శాతం ఇథనాల్ కడుగుడు మాత్రం మానొద్దు, ఎస్‌డీఎస్ మిగిలితే పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని కాపీలు తీసే పద్ధతి) ఆగిపోతుంది.

(తెర: కాపిలరీ గ్రాఫ్, రెండు శిఖరాలు)

మైక్రోశాటిలైట్ అంటే ఏటీటీ లాంటి చిన్న ముక్క వరసగా తిరిగి తిరిగి రావడం. ఒకదానిలో 15 సార్లు, ఇంకోదానిలో 18 సార్లు ఉంటే పొడవులో తేడా 9 బేసులు. వేర్వేరు క్రోమోజోముల మీద పది పన్నెండు చోట్లు ఎంచుకోండి. ఒక్కో చోటుని పీసీఆర్‌తో పెంచి పొడవు కొలిస్తే, ఒక్కో పొడవూ గ్రాఫ్‌లో ఒక శిఖరంగా కనిపిస్తుంది. పొడవులు ఎక్కువ చోట్ల కలిస్తే చుట్టరికం దగ్గరిది.

అసలు శిఖరం పక్కన ఒక రిపీట్ తక్కువ పొడవుతో చిన్న శిఖరం కనిపిస్తే అది స్టట్టర్ (పీసీఆర్‌లో జారిన కాపీ), అల్లీల్ (ఆ చోట నిజంగా ఉన్న రూపం) కాదు. ఒక బేసు తేడాతో జంటగా వస్తే పాలిమరేజ్ (పీసీఆర్‌లో కాపీలు తీసే ఎంజైమ్) కొన్ని ముక్కల చివర ‘ఏ’ చేర్చి, కొన్నింటికి చేర్చకుండా వదిలేసిందన్నమాట. పీసీఆర్ చివర్లో 60 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. మామూలుగా కణంలో ఒక్కో చోటుకి రెండు కాపీలే కాబట్టి శిఖరాలు రెండుకు మించవు. మూడు శిఖరాలా? మళ్లీ విడి కాలనీలు తీయండి. విడిపోతే రెండు స్ట్రెయిన్లు కలిసినట్టే. విడిపోక, ఒక్క చోటే మూడుంటే ఆ ముక్కకో క్రోమోజోముకో అదనపు కాపీ ఉందేమో చూడండి. చాలా చోట్ల ఉంటే పాలిప్లాయిడ్ (క్రోమోజోముల సెట్లు రెండుకు మించినది) కావచ్చు.

(తెర: పట్టిక, ఎక్కువ గడుల్లో ఒకే అంకె)

హెటిరోజైగస్‌లు (ఒక చోట రెండు కాపీలూ వేర్వేరుగా ఉన్నవి) ఇంత తక్కువేంటని కంగారు వద్దు. ఈ ఈస్ట్‌లో ఒకసారి మొగ్గ తొడిగిన హాప్లాయిడ్ (క్రోమోజోముల ఒక్క సెట్టే ఉన్న) కణం తన లింగరకాన్ని మార్చుకుని కూతురు కణంతోనే జతకట్టగలదు. అలా పుట్టినదానికి అన్ని మార్కర్ల దగ్గరా రెండు కాపీలూ ఒకటే. అందుకే హార్డీ-వైన్‌బర్గ్ సమతుల్యతను (జతకట్టడం యాదృచ్ఛికంగా జరుగుతుందన్న లెక్కను) నమ్ముకుని శాంపిళ్లను గుంపులుగా విడగొట్టే స్ట్రక్చర్ లాంటి ప్రోగ్రాములు లేని గుంపులను చూపించవచ్చు. ముందు ఒకే జీనోటైప్ (అన్ని మార్కర్ల దగ్గరా అవే పొడవులు) ఉన్నవాటిని ఒక్కటిగా లెక్కించి, హోమోజైగస్‌లను (రెండు కాపీలూ ఒకటే అయినవాటిని) హాప్లాయిడ్‌గా ఇచ్చి నడపడం మేలు.

ఒక్క మార్కర్ దగ్గరే హెటిరోజైగస్‌లు మాయమై, అక్కడే కొన్ని శాంపిళ్లు అసలు పీసీఆర్ ఇవ్వకపోతే తప్పు ఈస్ట్ జతకట్టే తీరుది కాకపోవచ్చు, ప్రైమర్ (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్క) అతుక్కునే చోట మ్యుటేషన్ ఉండవచ్చు. ఆ ప్రైమర్‌ని మార్చండి.