పౌచైటిస్: పెద్దపేగు తీసేశాక కూడా వాపు ఎందుకొస్తుంది?

[తెర మీద: పొట్ట బొమ్మ. పెద్దపేగు చెరిగిపోతుంది, చిన్నపేగు చివర జె ఆకారంలో మడతపడుతుంది]

అల్సరేటివ్ కోలైటిస్‌కని (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) పెద్దపేగు మొత్తం తీసేశారు. మలం కోసం పొట్ట మీద పెట్టిన స్టోమా సంచి కూడా పోయింది. కొన్ని నెలలు బాగానే ఉన్నాక మోషన్లు మళ్లీ పెరిగాయి. ఆపరేషన్ ఫెయిలైందేమోనని ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. చాలాసార్లు అది పౌచైటిస్, అంటే పెద్దపేగు బదులు చిన్నపేగుతో కుట్టిన సంచి (పౌచ్) గోడకు వచ్చిన వాపు. ఆపరేషన్ అయిన కోలైటిస్ పేషెంట్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకసారి వస్తుంది.

చిన్నపేగు చివరి 30 నుంచి 40 సెంటీమీటర్లను మడిచి, సంచిలా కుట్టి, మలద్వారానికి కలుపుతారు. అదే జె పౌచ్. మలాన్ని నిలవ ఉంచడం చిన్నపేగు పని కాదు. ఇక్కడ నిలవుంటుంది కాబట్టి బ్యాక్టీరియా పెరుగుతుంది, దాని మీద మన రోగనిరోధక వ్యవస్థ తిరగబడుతుంది. వంశపారంపర్య పాలిప్స్ జబ్బుకి ఇదే పౌచ్ పెట్టించుకున్నవాళ్లకు పౌచైటిస్ అరుదు. అంటే తప్పు కుట్టుది కాదు, కోలైటిస్ తెచ్చిన ఒంటి తీరుది.

[తెర మీద: నోట్‌బుక్‌లో తేదీలు, మోషన్ల లెక్క]

కుదురుకున్న పౌచ్‌కి రోజుకు 4 నుంచి 8 మోషన్లు మామూలే. మీ మామూలు లెక్క ఎంతో రాసిపెట్టుకోండి. ఆరుసార్లు వెళ్లేవారు పన్నెండుసార్లు వెళ్తున్నా, ఆపుకోలేకపోతున్నా, రాత్రి బట్టలు తడుస్తున్నా, పొత్తికడుపు మెలిపెడుతున్నా డాక్టర్‌కి చెప్పాలి.

మొదటిసారైతే సాధారణంగా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, రెండు వారాలు రాస్తారు. పెరుగన్నం తింటూ ఆ మాత్ర వేసుకోకండి, ఒంటికి సరిగా పట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలకు కనీసం 2 గంటల ముందే వేసుకోవాలి. మడమ వెనక స్నాయువు (పిక్క కండరాన్ని మడమకు కలిపే పట్టీ) నొప్పెడితే మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయండి. మెట్రోనిడజోల్ అనే మరో యాంటీబయాటిక్ ఇస్తే నోరు లోహపు రుచి వస్తుంది. పాదాల్లో తిమ్మిర్లు మొదలైతే మాత్రం దాచకండి.

మాకు బాధ కలిగించేది ఒకటుంది. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అదే కోర్సు మళ్లీ మళ్లీ కొనేస్తుంటారు. మోషన్లు పెరిగినంత మాత్రాన అది పౌచైటిసే కానక్కర్లేదు. ఎర్రటి రక్తం పడుతుంటే, కుట్టు కింద మిగిల్చిన 1, 2 సెంటీమీటర్ల పురీషనాళపు అంచు వాచి ఉండొచ్చు. దానికి వాడేది మెసలమైన్ సపోజిటరీ (మలద్వారంలో పెట్టుకునే వాపు తగ్గించే మందు), యాంటీబయాటిక్ కాదు. ముక్కుతున్నా పూర్తిగా రాకపోతే కుట్టు దగ్గర దారి సన్నబడిందేమో చూడాలి. యాంటీబయాటిక్స్ వల్లే వచ్చే సి డిఫిసిల్ అనే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ కూడా ఉంది. మోకాళ్ల నొప్పులకు మింగే డైక్లోఫెనాక్ కూడా పౌచ్‌ని పుండు చేస్తుంది. ఇవన్నీ తేలేది మల పరీక్షలో, పౌచోస్కోపీలో (కెమెరా గొట్టంతో పౌచ్ లోపల చూడటం), బయాప్సీలో (చిన్న ముక్క తీసి పరీక్షించడం).

నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే అది దీర్ఘకాలిక పౌచైటిస్. అప్పుడు బుడెసొనైడ్ (స్టెరాయిడ్), వెడొలిజుమాబ్ (పేగులో రోగనిరోధక దాడిని తగ్గించే మందు) వంటి మందులు ఆలోచిస్తారు.

[తెర మీద: లీటరు సీసా, ఓఆర్ఎస్ ప్యాకెట్]

ఉప్పును, నీటిని పీల్చుకునే పెద్దపేగు లేదు కాబట్టి ఉత్త మంచినీళ్లు చాలవు. లీటరు ప్యాకెట్ ఓఆర్ఎస్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపండి, సగం సగం వద్దు. మూత్రం బాగా తగ్గినా, చలిజ్వరంతో కడుపునొప్పి వచ్చినా, వాంతులవుతూ పౌచ్ నుంచి ఏమీ రాకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.