నీళ్లు పోసిన చేతులు

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలందరి పేర్లూ చెబితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది. అందరికీ కలిపి ఒకే నమస్కారం. టర్కీ హమామ్‌ల గురించి, అంటే అక్కడి ఊరుమ్మడి స్నానశాలల గురించి, ముఖ్యంగా ఆ కట్టడాల గురించి మాట్లాడమన్నారు.

నేను చూసింది ఇస్తాంబుల్‌లోని చెంబెర్లితాష్ హమామ్. 1584 నాటిది. కట్టించింది సుల్తాన్ మూడో మురాద్ తల్లి నూర్బాను. దాని మీద వచ్చే ఆదాయం అదే ఊళ్లోని ఉస్కుదార్ పేటలో ఆమె పెట్టిన ధర్మసంస్థలకు పోయేది. అక్కడ పేదలకు అన్నం పెట్టేవారు, రోగులకు వైద్యం చేసేవారు. ఇటు ఊరంతా స్నానం చేస్తుంటే అటు పేదల కోసం పొయ్యి వెలిగేదన్నమాట! నాకు గుమ్మటం కంటే ఇదే గొప్పగా తోచింది.

గుమ్మటమూ చూడాల్సిందే. దానికున్న చిన్న చిన్న గాజు కన్నాలను ఏనుగు కళ్లంటారు. కింద కొలిమి, దాని వేడి నేల అడుగునుంచి గోడల్లోకి పాకుతుంది. కట్టెలూ నీళ్లూ మరీ ఎక్కువ పడుతున్నాయని 1768లో సుల్తాన్ మూడో ముస్తఫా కొత్త హమామ్‌లు కట్టొద్దన్నాడు. తొట్టిలో మునగడం ఉండదక్కడ. నిలవ నీళ్లలో కూర్చుంటే ఒళ్లు శుభ్రపడదని వాళ్ల నమ్మకం. పాలరాతి తొట్టిలోంచి చెంబుతో ముంచి పోస్తారు, మన గంగాళం దగ్గర పోసినట్టే.

ఆడవాళ్లకు స్నానం చేయించే మనిషిని నాతిర్ అంటారు. ఆమె వచ్చి "గెల్, అబ్లా" అంది. రా అక్కా అని. వేడి రాతి మీద పడుకోబెట్టి, గరుకు తొడుగు చేతికి తొడుక్కుని రుద్దుతుంటే నల్లగా మట్టి వత్తులు వత్తులుగా రాలింది. తర్వాత కూర్చోబెట్టి, కళ్లలో సబ్బు పడకుండా నా నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి తలంటింది. ఆఖరి చెంబు పోసి "సిహ్హత్లెర్ ఒల్సున్" అంది. ఆరోగ్యంగా ఉండు అని అర్థం.

కట్టడాల సంగతి ఇక్కడితో ఆపేస్తాను, క్షమించాలి. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది.

మా అబ్బాయి పుట్టినప్పుడు ఒకావిడ నెలల తరబడి వచ్చి నీళ్లు పోసింది. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, వాడిని కాళ్ల మీద వేసుకుని, నూనె మర్దించి, నలుగు పెట్టేది. వాడి కళ్లలో నీళ్లు పడకుండా ఇలాగే అరచెయ్యి అడ్డం పెట్టేది. ఆఖరి చెంబు తిప్పి పోసి "శ్రీరామరక్ష, నూరేళ్లాయుష్షు" అనేది. ఆ తర్వాత సాంబ్రాణి. అంత చేసిన మనిషికి మేం కాఫీ ఇచ్చింది పెరట్లో, వేరే గ్లాసులో. బారసాలకు వచ్చిన వాళ్లందరికీ పీటలు వేశాం, ఆవిడకు వెయ్యలేదు. నేనూ అక్కడే ఉన్నాను. ఒక్క మాట అనలేదు.

అమ్మా, ఇక్కడ ఇంతమంది తల్లులున్నారు. మీ బిడ్డకు నీళ్లు పోసిన ఆవిడ పేరు చెప్పగలరా? నూర్బాను పేరు నేను చెప్పగలిగాను. నాకు తలంటిన నాతిర్ పేరు మాత్రం అడగనే లేదు. మళ్లీ అదే తప్పు చేశాను.

తిరిగొచ్చాక, మా అబ్బాయికి నీళ్లు పోసిన ఆవిణ్ని వెతుక్కుంటూ వెళ్లాను. చూపు ఆనడం లేదు. ముందు ఆవిడ పేరడిగాను, ముప్పై ఏళ్ల తర్వాత. చెప్పింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, మా అబ్బాయిని ముద్దుపేరుతో అడిగింది, వాడి నడుం మీద పుట్టుమచ్చ ఇంకా ఉందా అని.