బల్ల మీద మాటలు

(విజయనగరం జిల్లాలో ఒక అంగన్‌వాడీ కేంద్రంలో పోషణ మాసం సందర్భంగా జరిగిన సామూహిక సీమంతంలో, పల్లెల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే ఒక విశ్రాంత ఏఎన్‌ఎం చేసిన ప్రసంగం)

ముందు వరసలో కూర్చున్న తల్లులకి, వాళ్ళ వెనకున్న అమ్మలకి, అత్తగార్లకి, గుమ్మం దగ్గరే ఆగిపోయిన మగవాళ్ళకి నమస్కారం. లోపలికి రండి నాయనా, ఇది మీరూ వినాల్సిన మాటే.

ఎనిమిదో నెల, తొమ్మిదో నెల మనిషికి ప్లాస్టిక్ కుర్చీలో అరగంట కూర్చుంటే నడుం పట్టేస్తుంది. మధ్యలో లేవాలనిపిస్తే లేవండి తల్లీ. బాత్రూముకి వెళ్ళాలంటే వెళ్ళండి, మొహమాటపడొద్దు. బిడ్డ తల కిందికి దిగి మూత్రాశయాన్ని నొక్కుతుంటే ఎవరికైనా అంతే.

నేను ముప్పై రెండేళ్ళు ఏఎన్‌ఎంగా చేశాను. సూదులు, మాత్రలు, బీపీ, కార్డు నింపడం, ఇవి నా పనులు. ఈ రోజు వాటి గురించి చెప్పను. పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దాని వరండాలో గోడ వారగా ఉండే చెక్క బల్ల గురించి చెబుతాను. గర్భిణీలు డాక్టరమ్మ కోసం కూర్చునే బల్ల. 2016 నుంచి ప్రతి నెలా 9వ తారీఖున దేశమంతటా గర్భిణీలకి పరీక్షల రోజు పెట్టారు కదా, ఆ రోజు ఈ బల్ల చాలక కింద చాపలు పరిచేవాళ్ళం. పొద్దున్న ఎనిమిదింటికి వచ్చిన మనిషి బరువు, రక్తం, మూత్రం, బీపీ అన్నీ అయ్యి డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి పన్నెండు దాటేది. డాక్టరుతో మాట్లాడేది రెండు మూడు నిమిషాలు. బల్ల మీద నాలుగు గంటలు.

ఆ నాలుగు గంటల్లో ఏం జరిగేదో చాలా ఏళ్ళు నేను పట్టించుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అయితే లోపలి నుంచి కేకలేసేదాన్ని, "గోల ఆపండమ్మా, బీపీ వినపడట్లేదు" అని. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. ఎందుకో చెబుతాను.

ఐరన్ మాత్రలున్నాయి కదా, నూట ఎనభై మాత్రలు. నేను ఇచ్చేదాన్ని, వాళ్ళు తలూపి తీసుకెళ్ళేవాళ్ళు. తర్వాత ఇంటికి వెళితే మంచం కింద డబ్బాలో అలాగే ఉండేవి. "వేసుకుంటున్నావా?" అంటే "వేసుకుంటున్నానండీ" అనేవాళ్ళు. ఒకసారి కార్డు కోసం వరండాలోకి వెళ్ళి, బల్ల చివర నిలబడి విన్నాను. తొలి చూలు పిల్ల పక్కావిడతో అంటోంది, "అది మింగితే కడుపులో తిప్పేస్తోందప్పా, దొడ్డికెళితే నల్లగా వస్తోంది, భయమేసి మానేశాను" అని. ఆ పక్కావిడకి అది మూడో కాన్పు. "నల్లగా రావడం దాని రంగే. పొద్దున్న పరగడుపున వేసుకోకు, రాత్రి అన్నం తిన్నాక వేసుకో, నిమ్మకాయ నీళ్ళతో వేసుకో. టీ తాగిన వెంటనే మాత్రం వద్దు" అంది. నేను చెప్పేదీ అదే. కానీ నాకు చెప్పని భయం ఆ పిల్ల ఆవిడకి చెప్పింది. పై నెల రక్తం పరీక్షలో హిమోగ్లోబిన్ ఒక గ్రాము పెరిగింది.

ఆ రోజు నుంచి పని ఉన్నా లేకపోయినా బల్ల చివర కాసేపు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఎన్ని మాటలని! రాత్రి పిక్క పట్టేసి అరిచాననీ, మా ఆయన దయ్యం పట్టిందనుకున్నాడనీ ఒకరంటే, "కాలి వేళ్ళు నీ వైపుకి లాగి పట్టుకో, వదిలేస్తుంది" అని ఇంకొకరు. గుండె మంటతో పడుకోలేకపోతున్నానంటే, "రాత్రి అన్నం పెందలాడే తిని, తలవైపు రెండు తలగడలు ఎత్తు పెట్టుకో" అని ఇంకొకరు. దగ్గితే బట్ట తడుస్తోందని నాకు ముప్పై రెండేళ్ళలో నేరుగా చెప్పినవాళ్ళు పది మంది ఉంటారేమో. బల్ల మీద మాత్రం ఆ మాట ప్రతి నెలా వినేదాన్ని. చెప్పిన మనిషి సిగ్గుపడేది, పక్క మనిషి "నాకూ అంతేనే" అనేది, ఇద్దరూ ఊపిరి పీల్చుకునేవాళ్ళు.

భయాలు కూడా అక్కడే బయటికొచ్చేవి. నొప్పులు తట్టుకోగలనా, బిడ్డకి ఏమైనా అవుతుందా, మళ్ళీ ఆడపిల్ల పుడితే ఇంట్లో ఏమంటారు. చివరి ప్రశ్నకి నా దగ్గర మందు లేదు. కానీ ఆ ప్రశ్న అడిగిన పిల్ల చెయ్యి పక్కావిడ పట్టుకోవడం చూశాను.

ఒక సంగతి వివరంగా చెప్పాలి. ఎనిమిదో నెల నిండుతున్న అమ్మాయి, బల్ల మీద అందరితో నవ్వుతూ మాట్లాడుతోంది. మాటల్లో మాటగా, "నిన్న పొద్దున్నుంచి బిడ్డ నిద్రపోతున్నట్టుందప్పా, కదలట్లేదు, నాకు హాయిగా ఉంది" అంది. ఆమె వరసలో పద్దెనిమిదో మనిషి. పక్కన కూర్చున్న ఆవిడ మాట్లాడకుండా లేచి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, అందరినీ దాటించుకుని నా ముందుకి తీసుకొచ్చింది. "ముందు ఈ పిల్లని చూడండి" అంది. గుండె చప్పుడు విన్నాం, ఉంది కానీ నెమ్మదిగా ఉంది. 108 పిలిచి పెద్దాసుపత్రికి పంపాం. సాయంత్రానికి ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. బతికింది. ఇప్పుడు హైస్కూల్లో చదువుతోంది. ఆ రోజు నేను మళ్ళీ "గోల ఆపండి" అని ఉంటే ఆ మాట ఎవరి చెవినా పడేది కాదు.

అందుకే ఈ ఒక్కటి అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోండి. నెలలు నిండాక కడుపులో చోటు తక్కువై కదలికలు తగ్గిపోతాయని పెద్దవాళ్ళు అంటారు. అది నిజం కాదు. కదలిక తీరు మారుతుంది, తన్నే బదులు పొర్లినట్టుంటుంది. అంతేగానీ తగ్గకూడదు. తగ్గినట్టు అనుమానం వస్తే ఏదైనా తిని, ఎడమ పక్కకి తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే తెల్లారేదాకా ఆగకండి. పూటంతా కదలిక లేకపోతే లెక్కలు కూడా వద్దు, ఆసుపత్రికి బయలుదేరండి.

బల్ల మీద మాటల్లో నాకు భయం పుట్టించేవీ ఉన్నాయి. "నాకూ అలాగే ఉండేది, ఏం కాదులే" అనే మాట చాలా చోట్ల మందులా పనిచేస్తుంది. నాలుగు చోట్ల మాత్రం ప్రాణం తీస్తుంది. విడవని తలనొప్పి, కళ్ళ ముందు మిణుగురులు, ముఖం చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం మొదటిది, అది బీపీ. రక్తం కనపడటం రెండోది. నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోవడం మూడోది. కదలిక తగ్గడం నాలుగోది, ఇప్పుడే చెప్పాను. ఈ నాలుగింటికీ పక్క మనిషి చెయ్యాల్సింది ఓదార్చడం కాదు, ఆ ఆవిడ చేసినట్టు చెయ్యి పట్టుకుని తీసుకురావడం.

అత్తగార్లూ, మీతో రెండు మాటలు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని చివరి నెలల్లో కోడలి కంచంలో అన్నం తగ్గించే ఇళ్ళు నేను చాలా చూశాను. మీరు ప్రేమతోనే చేస్తారు, మీ అత్తగారు మీకూ అదే చేసి ఉంటారు. కానీ చిక్కిన తల్లికి బరువు తక్కువ బిడ్డ పుడుతుంది, నొప్పులు పడే బలం తల్లికి ఉండదు. అంగన్‌వాడీలో వండి వడ్డించిన రోజుల్లో ఒక సంగతి గమనించాను. ఇంటికి ఇచ్చిన గుడ్డు నలుగురు పిల్లల్లో పంచుకుపోయేది. కేంద్రంలో పది మంది గర్భిణీలు కలిసి తింటుంటే ఎవరి గుడ్డు వాళ్ళే తినేవాళ్ళు. ఒకరు వదిలేస్తే పక్కావిడ ఊరుకునేది కాదు.

రెండో మాట. పరామర్శకని వచ్చి, మా చుట్టాలమ్మాయికి రెండు రోజులు నొప్పులు, చచ్చి బతికింది అంటూ తొమ్మిదో నెల మనిషి ముందు కూర్చుని చెప్పొద్దు. ఆపరేషన్ అయిన పిల్లని "నువ్వు నొప్పులు పడలేదు కదా" అని అనొద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. అందులో అవసరం లేనివి ఎన్ని అన్నది డాక్టర్లూ ప్రభుత్వమూ తేల్చుకోవాల్సిన సంగతి, నాకూ దాని మీద కోపముంది. ఆ కోపం కుట్లతో మంచం మీదున్న పిల్ల మీద చూపించకూడదు.

మన పక్క కొండల సంగతి మీకు తెలుసు. డోలీలో మోసుకొస్తుంటే దారిలో కాన్పులైన కథలు మనం వింటూనే ఉన్నాం. ఆ బాధ చూసే 2018లో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ సాలూరులో గిరిజన గర్భిణీలకి వసతి గృహం పెట్టింది. నెలలు నిండకముందే కొండ దిగి వచ్చి, కాన్పు దాకా అక్కడే ఉంటారు. తిండి, పరీక్షలు, ఆసుపత్రి దగ్గర్లో ఉండటం, వీటి కోసమే అది పెట్టారు. కానీ ఇల్లూ పిల్లల్నీ వదిలి, బాస తెలియని చోట వారాల తరబడి ఒక ఆడమనిషి ఉండగలగాలంటే తనలాంటి నిండు కడుపుతో పక్క మంచం మీద ఇంకొకరు ఉండాలి. ఆ తోడు లేకపోతే మూడో రోజే కొండెక్కేస్తుంది.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం అనుకోకండి. మనకి పైనున్న ఒడిశాలో, జార్ఖండ్‌లో, ఆదివాసీ పల్లెల్లో 2005 నుంచి 2008 దాకా ఒక ప్రయోగం చేశారు. ఏక్‌జుట్ అనే సంస్థ చేసింది. ఆడవాళ్ళు నెలకోసారి కూర్చుని, బొమ్మల కార్డులు, కథలు పెట్టుకుని, కాన్పు కష్టాల గురించి మాట్లాడుకుని, మన ఊళ్ళో మనమేం చెయ్యగలం అని వాళ్ళే తేల్చుకున్నారు. డాక్టర్లు పెరగలేదు, కొత్త మందులు రాలేదు. మూడేళ్ళలో ఆ పల్లెల్లో పుట్టిన నెలలోపు చనిపోయే బిడ్డల సంఖ్య, సమావేశాలు లేని పల్లెలతో పోలిస్తే, 32 శాతం తక్కువ. మూడో ఏడు వచ్చేసరికి తల్లుల్లో ఒక మోస్తరు దిగులు జబ్బు సగానికి పైగా తగ్గింది. ఆ రెండో సంగతి చదివినప్పుడు నాకు మా బల్ల గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

పూర్వం ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కన్నోరింటికి పంపేవాళ్ళు. అమ్మ చేతి అన్నం ఒకటే కాదు, అక్కడ చిన్ననాటి స్నేహితురాళ్ళుండేవాళ్ళు, వాళ్ళలో ఇద్దరు ముగ్గురు చూలింతలో బాలింతలో ఉండేవాళ్ళు. ఇప్పుడు విశాఖలో అపార్టుమెంటులో తొమ్మిదో నెల దాకా ఉద్యోగానికి వెళ్ళే అమ్మాయికి పక్క ఫ్లాటు మనిషి పేరు తెలియదు. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు పురిటికి వాళ్ళమ్మ విజిటర్ వీసా మీద వెళ్ళేదాకా, రాత్రి రెండింటికి నాకే ఫోన్ చేసేది, "పెద్దమ్మా, ఇవి దొంగ నొప్పులా, నిజం నొప్పులా?" అని. నడిస్తే తగ్గిపోతే దొంగవి, లెక్కగా దగ్గరపడుతుంటే నిజమైనవి అని చెప్పేదాన్ని. నిద్ర పాడైందని ఎప్పుడూ అనుకోలేదు.

నేను అడిగేది చిన్నదే. 9వ తారీఖున పీహెచ్‌సీలో ఒక గది, ఒక చాప, ఫ్యాను. బీపీ చూసిన తర్వాత అరగంట. ఒక ఏఎన్‌ఎం గానీ ఆశా కార్యకర్త గానీ అక్కడ కూర్చోవాలి, పాఠం చెప్పడానికి కాదు, వినడానికి. రెండో కాన్పు వాళ్ళని తొలి చూలు వాళ్ళ పక్కన కూర్చోబెట్టాలి. ఇంకొకటి. నొప్పుల గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వమని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది, కాన్పు అనుభవం ఉన్న మనిషైతే మంచిదని కూడా చెప్పింది. చాలాచోట్ల ఇప్పటికీ తలుపు బయటే ఆపేస్తున్నారు. మీ తోడు ఎవరో ఇవాళే అనుకోండి, కార్డు మీద పేరు రాయించండి, లోపలికి రానివ్వండని అడగండి. అడగడం మీ హక్కు.

మగవాళ్ళూ, మీ ఆవిడ బ్లడ్ గ్రూపు ఏమిటో ఇప్పుడు చెప్పగలరా? చెప్పలేనివాళ్ళు వెళ్ళేలోపు కార్డులో చూసుకోండి.

ఇంకా మాట్లాడితే అమ్మాయిల కాళ్ళు ఉబ్బుతాయి. ఇప్పుడు గాజులు వేస్తారు. ఒక్కొక్కరికీ వేసి, పసుపు రాసి, అక్షింతలు వేసేసరికి గంట పడుతుంది. ఆ గంట ఫోనులు పక్కన పెట్టి, మీ పక్క కుర్చీలో ఉన్న మనిషి పేరు అడగండి. ఎన్నో నెల అని అడగండి. రాత్రి నిద్ర పట్టిందా, బిడ్డ బాగా కదులుతోందా అని అడగండి. నేను అదిగో, ఆ చివర కూర్చుంటాను.